పండుగొప్పల పంపకం

గొడవ జన వేపుడు దగ్గర మొదలయింది.

ఆ ఆదివారం గుడివాడ ఇంట్లో పండుగొప్ప చేప కోశారు. దివిసీమలో, నాగాయలంక అవతల వాళ్ళకున్న ఉప్పునీటి చెరువులోది. వలలో చుట్టుకుని చచ్చిపోయిందని, కాపలా ఉండే కొండయ్య ఐసు పెట్టెలో వేసి తొలి బస్సుకి పంపాడు. ఇద్దరు పట్టుకుంటే గానీ కత్తిపీట దగ్గరికి రాలేదు. కడుపు కోస్తే రెండు తిత్తుల నిండా గుడ్లు. ఆ గుడ్లనే జన అంటారు. ఉల్లిపాయ, పచ్చిమిర్చి వేసి వేయిస్తే ఏ ఇంట్లోనైనా సగం పొయ్యి దగ్గరే అయిపోతుంది. ఆ ఇంట్లో మాత్రం పొయ్యి దగ్గర ఎవరూ ముట్టరు. జన మగవాళ్ళ పళ్ళేల్లోకే వెళ్ళాలి.

"విక్రమ్‌కి అట్టిపెట్టిన ముక్క ఎవరు తీశారు?" అని అడిగింది లక్ష్మీకాంతమ్మ, గిన్నె మీద మూత ఎత్తి.

"నేనే పెద్దమ్మా," అంది లాస్య, మూతి తుడుచుకోకుండానే.

"ఆడపిల్ల జన తినకూడదని మీ అమ్మ చెప్పలేదా?"

"తింటే ఏమవుతుంది?"

ఏమవుతుందో లక్ష్మీకాంతమ్మకీ తెలియదు. ఆవిడ అత్తగారు ఆవిడకి చెప్పలేదు. అందుకని లాస్యని వదిలేసి దాని తల్లి మీదకి తిరిగింది. "చూశావా సుభాషిణీ, ఎదురు ప్రశ్నలు."

"పోనివ్వండక్కయ్యా. నా వంతు ముక్క విక్రమ్‌కి వేసేయండి."

"నీకు వంతెక్కడిది? నాకే లేదు. ఈ ఇంటికొచ్చి పాతికేళ్ళయింది, జన ఉప్పగా ఉంటుందో చప్పగా ఉంటుందో తెలీదు. బతకట్లేదా ఏం?"

"ఏంటక్కడ, ముక్క కోసం గోల?" అని హాల్లోంచి కేకేశాడు నాగభూషణరావు.

నాగభూషణరావు ఆ ఇంటి పెద్ద. లక్ష్మీకాంతమ్మ భర్త, సుభాషిణి భర్త శేషగిరికి అన్న. ముదినేపల్లిలో మంచినీటి చేపల చెరువులు తవ్వినవాళ్ళలో మొదటివాడు కాకపోయినా, తానే మొదటివాణ్ణని చెప్పుకునేవాళ్ళలో మొదటివాడు. అన్నదమ్ములిద్దరూ ఆయన కొడుకు విక్రమ్‌తో కలిసి టేబుల్ దగ్గర కూర్చుని ఉన్నారు. సుభాషిణి గిన్నె తీసుకెళ్ళి వడ్డించింది.

"అవునూ," అన్నాడాయన జన నోట్లో వేసుకుంటూ. "దీనికి తోక పక్కన చీలిక ఉంది, గమనించావా? కిందటేడాదో ముందటేడాదో కొండయ్య పట్టి చూపిస్తే, మగదన్నావు నువ్వు. మగదానికి జనేమిటి?"

"అప్పుడు మగదేనండీ బావగారూ. ఇప్పుడు ఆడదయింది."

శేషగిరి తల ఎత్తి భార్య వైపు చూశాడు. నాగభూషణరావు నమలడం ఆపాడు.

"పండుగొప్పలన్నీ అంతేనండీ," అంది సుభాషిణి. "ముందు మగవిగానే ఎదుగుతాయి. బాగా పెరిగాక ఆడవవుతాయి. బయట నుంచి కొత్తగా వచ్చేదేమీ ఉండదు. గుడ్లు తయారుచేసే జన్యువులు మొదటి నుంచీ లోపలే ఉంటాయి, మగచేపలో అవి పలకవు. వయసు వచ్చాక అవి పలకడం మొదలుపెడతాయి, మగతనానివి మూగబోతాయి. అవే జన్యువులు, అదే చేప. ఏది పలుకుతోంది, ఏది ఊరుకుంది అన్నదే తేడా."

"ఏ భాషలో పలుకుతాయి పిన్నీ?" అన్నాడు విక్రమ్. "తెలుగా, ఇంగ్లీషా?"

ముందు నవ్వింది నాగభూషణరావే. పొలమారేంత నవ్వాడు. లక్ష్మీకాంతమ్మ తలుపు దగ్గర నిలబడి కొంగు అడ్డం పెట్టుకుంది. వాళ్ళు నవ్వితే సుభాషిణికి పెద్ద పట్టింపు లేదు. శేషగిరి కూడా నవ్వాడు. అన్న నవ్వాడు గనక నవ్వాడు, గట్టిగా కూడా కాదు, పళ్ళెంలోకి చూసుకుంటూ నవ్వాడు. సుభాషిణి ఖాళీ గిన్నె పట్టుకుని వంటింట్లోకి వెళ్ళింది.

నవ్వడానికి మిగతావాళ్ళకి లేకపోయినా శేషగిరికి సిగ్గుండాలి. ఆ చెరువుకి చేపలు వచ్చింది ఎవరి వల్లనో అతనికి తెలుసు. తెల్లమచ్చల జబ్బు వచ్చి రొయ్యలన్నీ తేలిపోయిన ఏడాది, ఆ దివిసీమ చెరువు ఎండబెట్టి అమ్మేద్దామన్నాడు అన్న. అదే ఉప్పునీళ్ళలో పండుగొప్ప పెరుగుతుందని చెప్పింది సుభాషిణి. పెళ్ళికి ముందు ఆమె విశాఖపట్నంలో ఎమ్మెస్సీ జువాలజీ చదివింది. ఏడాదిపాటు పండుగొప్పల మీదే ప్రాజెక్టు చేసింది. కొండయ్యవాళ్ళు నదీముఖంలో పట్టిన పిల్లల్ని ఏటా కొన్ని తెప్పించి చెరువులో వదిలింది. వారానికోసారి లాస్యని చంకనేసుకుని రెండు బస్సులు మారి చెరువు దగ్గరికి వెళ్ళేది. పెద్దవి చిన్నవాటిని మింగకుండా మధ్యలో వల కట్టించింది. లవంగ నూనె కలిపిన నీళ్ళ తొట్టిలో చేపని మత్తుగా పడుకోబెట్టి, సన్నటి ప్లాస్టిక్ గొట్టం లోపలికి పంపి, వచ్చింది ఆడదాని గుడ్లో మగదాని పాలో చూసేది. కొండయ్య చేపని పట్టుకునేవాడు. బాణంలా దూకే చేప ఆమె చేతుల్లో పసిపిల్లలా పడుకుంటుందని వాళ్ళ ఊరెళ్ళి చెప్పేవాడు.

అలా ఆరేడేళ్ళు పెంచింది. ఇంకో ఏడాది ఆగితే అక్కడే గుడ్లు పెట్టించి, పిల్ల తీయొచ్చు. పండుగొప్ప పిల్ల కోసం రైతులు మద్రాసు దాకా పోతున్న రోజులవి.

జన వేపుడు గొడవ జరిగిన ఆ నెలాఖరున బందరులో రైతుల సదస్సు జరిగింది. బందరే సుభాషిణి పుట్టిల్లు. ఆ హాలు ఆమె డిగ్రీ చదివిన కాలేజీకి రెండు వీధుల అవతల. నిర్వాహకులు ఆమెని పది నిమిషాలు మాట్లాడమన్నారు. నేత చీర కట్టుకుని వెళ్ళి మూడో వరసలో కూర్చుంది. ఆమె కంటే ముందు నాగభూషణరావు మైకు తీసుకున్నాడు. ఉప్పునీళ్ళలో పండుగొప్ప పెంచాలన్న ఆలోచన తనకి ఎలా వచ్చిందో చెప్పాడు. వల ఎలా కట్టించాడో చెప్పాడు. చప్పట్లు పడ్డాయి. చప్పట్లు ఇంకా ఆగకుండానే, "మా మరదలు కూడా సైంటిస్టేనండోయ్," అన్నాడు. "మా చెరువులో చేపలు మగపుట్టుక పుట్టి, ఒళ్ళు చేశాక చీర కట్టుకుంటాయట. ఇంక మన గతేమిటో ఆలోచించుకోండి."

హాలంతా గొల్లుమంది. ఆ నవ్వుల్లో మీటింగు భోజనాలకి లేచింది. సుభాషిణి పేరు ఎవరూ పిలవలేదు. చెయ్యి కడుక్కునే చోట ఎవరో పెద్దమనిషి ఆమె చీర వైపు చూసి, "ఎప్పుడు మారారమ్మా?" అన్నాడు. పక్కవాళ్ళు మళ్ళీ నవ్వారు.

బస్సులో గుడివాడ దాకా శేషగిరి నిద్రపోయాడు. సుభాషిణి కిటికీలోంచి చెరువులు చూస్తూ కూర్చుంది. ఏడవలేదు. పండుగొప్ప గురించి ఈ మనిషి ముందు ఇంక నోరు విప్పనని మాత్రం అనుకుంది. ఒకసారి చెప్పింది. రెండోసారి చెప్పాల్సిన పని తనది కాదు.

తొలకరి పడ్డాక అన్నదమ్ములు వేరుపడ్డారు. పెద్ద కారణమేమీ లేదు. విక్రమ్ చదువు అయిపోయింది, నాగభూషణరావుకి కొడుకు చేతికి ఏదో అప్పగించాలని ఉంది. మేనమామ శివరామయ్య మధ్యవర్తిగా కూర్చున్నాడు. ముదినేపల్లి చెరువులు అన్నకి, గుడివాడ ఇల్లు అన్నకి, బందరులో కొన్న ఇల్లూ ఊరవతల పొలమూ తమ్ముడికి. దివిసీమ చెరువుని గట్టు వేసి రెండు చేశారు. ఇంక మిగిలినవి చేపలు.

అందరూ గట్టు మీదకి వెళ్ళారు. కొండయ్య మనుషుల్ని పెట్టి వల లాగించాడు. చేపలు వెండిపళ్ళేల్లా తిరగబడుతున్నాయి.

"పెద్దవాణ్ణి గనక నేను ముందు ఏరుకుంటాను," అన్నాడు నాగభూషణరావు. "విత్తనానికి పెద్దవే కావాలి. నేను పెద్దవి తీసుకుంటా, తమ్ముడికి చిన్నవి ఎక్కువ వదులుతా. న్యాయమేనా మావయ్యా?"

"ఏం శేషగిరీ?" అన్నాడు శివరామయ్య.

శేషగిరి భార్య వైపు చూశాడు. ఏడేళ్ళు ఆమె చేత్తో పెంచిన పెద్ద చేపలు పోతున్నాయంటే ఆమె ఒప్పుకోదనుకున్నాడు.

"సరేననండి," అంది సుభాషిణి.

నాగభూషణరావు పంచె ఎగగట్టి నీళ్ళలోకి దిగాడు. బొచ్చె, శీలావతి లాంటి మంచినీటి చేపలు పెంచేవాళ్ళందరికీ వచ్చిన విద్యే ఆయనకీ వచ్చు. తొలకరిలో మొప్పల పక్కన ఉండే రెక్క తడిమితే, గరుగ్గా ఉంటే మగది, నున్నగా ఉంటే ఆడది. ముదినేపల్లిలో కళ్ళు మూసుకుని కూడా చెప్పగలడు. ఇక్కడా అలాగే తడమడం మొదలుపెట్టాడు.

"ఇది గరుకు. మగది. ఇది నునుపు, ఆడది. రాసుకో విక్రమ్, జంట. ఇదిగో, వీడు మగాడు, చూడు ఎలా కొడుతున్నాడో."

పండుగొప్ప రెక్కలో ఆ తేడా ఉండదు. ఆయన చేతికి తగిలిన గరుకు ఏదైనా కావచ్చు, బురద కావచ్చు, పాత దెబ్బ కావచ్చు. ఆయన 'మగాడు' అన్నదానికి కిందటి వారమే సుభాషిణి గొట్టం పెట్టి చూసింది. కడుపు నిండా గుడ్లు. వల అవతల నుంచి ఆయన తీసుకుంటున్న పెద్దవి ప్రతి ఒక్కటీ ఆడదే. తొట్టిలోకి ఎక్కుతున్న ఆ మందలో మగదన్నది ఒక్కటి కూడా లేదు. ఇంక పుట్టదు కూడా. ఆడదయిన చేప వెనక్కి మారదు.

ఇవతల వలలో మిగిలిన చిన్నవన్నీ మగవి. రెండు మూడేళ్ళు తిండి పెడితే వాటిలో పెద్దవి తామే ఆడవవుతాయి. వెనక వచ్చే పిల్లలు మగవిగా ఉంటాయి. ఆమె చెరువులో జంటలు వాటంతటవే కుదురుతాయి. ఆయన చెరువులో ఎన్నటికీ కుదరవు.

ఒక్కసారి మాత్రం మాట సుభాషిణి నోటి దాకా వచ్చింది. ఎడమ కంటి మీద తెల్లటి మచ్చ ఉన్న చేప ఒకటుంది. అన్నిటికంటే పాతది. నీళ్ళలో ఆమె నీడ పడితే గట్టు దగ్గరికి వచ్చేది. దాన్ని ఇద్దరు మోసుకుంటూ ఆమె పక్కనుంచే వెళ్ళారు. ఆమె చెయ్యి చాచి మళ్ళీ వెనక్కి తీసుకుంది.

కొండయ్య వల తాడు పట్టుకుని ఆమె పక్కన నిలబడి ఉన్నాడు. గొట్టంలో ఏం వచ్చిందో ప్రతిసారీ చూసినవాడు.

"చెప్పరా అమ్మగారూ?" అన్నాడు చిన్నగా.

"ఒకసారి చెప్పాను కదా కొండయ్యా."

కొండయ్య తాడు వైపు చూసుకున్నాడు.

ఆ తర్వాత సుభాషిణి బందరు కాపురం వెళ్ళింది. నాగభూషణరావు తన చెరువు పక్కన పిల్ల తీసే హేచరీ కట్టాడు. విక్రమ్ పేరుతో బోర్డు పెట్టాడు. ప్రారంభానికి దివిసీమ రైతుల్ని పిలిచి, వచ్చే సీజను నుంచి ఒక్కరూ పిల్ల కోసం మద్రాసు బండి ఎక్కక్కర్లేదన్నాడు. కోడూరు, అవనిగడ్డ రైతులు ముందుగానే పేర్లు ఇచ్చుకున్నారు.

మొదటి సీజన్లో ముదినేపల్లి నుంచి టెక్నీషియన్ని తెచ్చి చేపలకి గుడ్లు దిగే ఇంజెక్షన్లు చేయించాడు. చేపలు గుడ్లు పెట్టాయి. తెల్లారేసరికి అవి తెల్లబడి అడుక్కి దిగిపోయాయి. టెక్నీషియన్ నీళ్ళని తిట్టాడు. నాగభూషణరావు టెక్నీషియన్ని తిట్టాడు. నీళ్ళు మార్చారు. మళ్ళీ గుడ్లు, మళ్ళీ తెల్లటి గసి. ఆఖరికి హేచరీ ఆగ్నేయంలో గొట్టపుబావి ఉండడం వాస్తు దోషమని దాన్ని పూడ్పించాడు.

ఈ కబుర్లన్నీ కొండయ్య తెచ్చేవాడు. అతను ఇప్పుడు రెండు చెరువులకీ కాపలా. సుభాషిణి వింటూ అతనికి మజ్జిగ ఇచ్చేది. నవ్వేది కాదు. ఇంకొంచెం పొయ్యనా అనేది.

"పాపం కదా," అన్నాడు శేషగిరి ఒకరోజు. అప్పటికి అతనికి సంగతి అర్థమయింది. "ఒక్క మాట చెప్తే..."

"చెప్పండి. మీకూ తెలుసుగా. ఆ రోజు భోజనాల దగ్గర మీరూ విన్నారు."

శేషగిరి చెప్పలేదు. అన్నకి చెప్పాలంటే, ఆ రోజు తాను ఎందుకు నవ్వాడో కూడా చెప్పాల్సి వస్తుంది.

రెండో సీజన్లోనూ పిల్ల అందకపోయేసరికి రైతులు ఊరుకోలేదు. కొందరు హేచరీ ముందుకొచ్చి కూర్చున్నారు. నాగభూషణరావు మద్రాసు నుంచి ఒక పెద్ద శాస్త్రవేత్తని పిలిపించాడు. ఆయన ఒక చేపకి గొట్టం పెట్టి చూశాడు. ఇంకో దానికి చూశాడు. ఇంకో దానికి. తరవాత చేతులు కడుక్కుని, "అన్నీ ఆడవే కదండీ," అన్నాడు. "మగవి ఏవి? చిన్న చేపలు ఉండాలే, అవేం చేశారు?"

రైతులందరూ అక్కడే ఉన్నారు. అప్పుడు వెనక నుంచి, బందరు సదస్సుకి వచ్చిన ఒకాయన, "నాగభూషణరావు గారి చెరువంతా చీరలేనంటయ్యా," అన్నాడు. ఆ మాట వారం తిరక్కుండా గుడివాడ చేపల మార్కెట్ దాకా వచ్చింది. నాగభూషణరావు కాఫీ తాగడానికి హోటల్‌కి వెళ్ళడం మానేశాడు.

మంగినపూడి వెళ్ళి సముద్రంలో పట్టిన చిన్న పండుగొప్పలు తెప్పించుకున్నాడు. వలల్లో రాసుకుని పొలుసు ఊడిన చేపలవి. మేత ముట్టక చచ్చిపోయాయి. మద్రాసు నుంచి మగవి తెచ్చుకుంటానంటే శాస్త్రవేత్తగారు నవ్వి, పెంపకానికి అలవాటుపడ్డ మగచేపలు మీ పక్క చెరువులోనే ఉన్నాయటగా అన్నాడు.

ఫోన్ చేసింది లక్ష్మీకాంతమ్మ. "ఆదివారం వస్తామే సుభాషిణీ. మీ బావగారికి పండుగొప్ప పులుసు తినాలనుంది."

"రండక్కయ్యా," అంది సుభాషిణి.

తెల్లవారుతూనే బందరు మార్కెట్‌కి వెళ్ళి సముద్రపు పండుగొప్ప తెచ్చింది. కడుపు లావుగా ఉన్నదే చూసి తెచ్చింది. పులుసు పెట్టింది, జన వేయించింది. టేబుల్ మీద అందరికీ ఒకేసారి పళ్ళేలు పెట్టింది. లక్ష్మీకాంతమ్మ అలవాటు కొద్దీ వంటింటి గుమ్మం దగ్గర నిలబడింది.

"కూర్చోండక్కయ్యా. ఈ ఇంట్లో అందరం కలిసే తింటాం."

మొదటి ముక్క లాస్యకి వేసింది. రెండోది లక్ష్మీకాంతమ్మకి.

"నాకెందుకే," అంటూనే ఆవిడ భర్త వైపు చూసింది. ఆయన చూడకపోయేసరికి కొంచెం తుంచి నోట్లో పెట్టుకుంది. నెమ్మదిగా నమిలింది. "ఇసకలా ఉంటుందనుకున్నా," అంది ఎవరితోనూ కాకుండా, ఇంకో తుంపు తీసుకుంటూ.

నాగభూషణరావు అన్నం కలుపుతున్నాడు గానీ తినడంలేదు. మనిషి వడిలిపోయాడు. విక్రమ్ తండ్రిని మోచేత్తో పొడిచాడు.

"అమ్మాయ్," అన్నాడాయన చివరికి. "మీ చెరువులోవి కొన్ని చిన్నవి కావాలమ్మా."

"చిన్నవంటే?"

"అదే. మగవి."

"మగవని ఎలా తెలుసు బావగారూ? రెక్క తడిమి చూశారా?"

విక్రమ్ పళ్ళెంలోకి తల దించుకున్నాడు. శేషగిరి దగ్గాడు. నాగభూషణరావు మొహం ఎర్రబడింది, కానీ గొంతు లేవలేదు.

"ఆ రోజు నీకు తెలుసు కదా. గట్టు మీదే నిలబడ్డావు. ఒక్క మాట చెప్పలేకపోయావా?"

"చెప్పాను. మీరు జన తింటున్నప్పుడు చెప్పాను. మీరు ఆ మాటని మైకులో అందరికీ చెప్పారు కూడా."

లక్ష్మీకాంతమ్మ నెమ్మదిగా, "ఇచ్చెయ్యవే, ఇంటి మనుషులం," అంది.

సుభాషిణి నీళ్ళ చెంబు కింద పెట్టింది. తనూ కుర్చీ లాక్కుని కూర్చుంది. బందరు బస్సులో మొదలుపెట్టి ఇన్నాళ్ళూ లోపల కూర్చుకుంటూ వచ్చిన మాటలు, చెప్పేసరికి కూర రుచి అడిగినంత మామూలుగా వచ్చాయి.

"మగవి మీ చెరువుకి రావు బావగారూ. మీ ఆడవే నా చెరువుకి వస్తాయి. మన ఇళ్ళల్లో అంతేగా, ఎప్పుడూ ఆడవాళ్ళేగా వెళ్ళేది. వచ్చినవి మళ్ళీ మీ గట్టెక్కవు. పిల్ల నా చెరువు దగ్గరే తీస్తాను, అక్కడే అమ్ముతాను. కావాలంటే మీరూ వచ్చి కొనుక్కోండి, కోడూరు రైతుల వెనకాల నిలబడి."

"అంటే హేచరీ..." అన్నాడు విక్రమ్.

"మూసేయండి. నా వాటిలో పెద్దవి అప్పుడే మారడం మొదలయింది. ఇంకో ఏడాది పోతే మీవి నాకు అక్కర్లేదు కూడా. అయినా ఎడమ కంటి మీద మచ్చ ఉన్నది ఒకటుంది, దాని కోసం తీసుకుంటున్నాను. కానీ ముందు ఒకటి జరగాలి. వచ్చే నెల ఇక్కడ మళ్ళీ సదస్సు పెడుతున్నారు. అదే హాలు, అదే మైకు. పండుగొప్ప మగదిగా ఎదిగి ఆడదవుతుందని మా మరదలు చెప్పింది, తెలియక నేను నవ్వాను, మీ చేత నవ్వించాను అని చెప్పండి. ఆ తర్వాతే నేను వల దించుతాను. చెప్పలేనంటారా, వాటిని ఇక్కడి మార్కెట్‌కి తోలుకోండి. జన బాగా ఉంటుంది."

లాస్య ఒక్కతే తింటోంది. నాగభూషణరావు తమ్ముడి వైపు చూశాడు. శేషగిరి గొంతు సవరించుకుని, "పెద్దవాడు కదా సుభాషిణీ, అందరి ముందూ అంటే..." అన్నాడు.

సుభాషిణి అతని పళ్ళెంలో పులుసు వేసింది.

"ఒక్కరే నిలబడలేరులెండి. పక్కన మీరూ నిలబడతారు. ఆ రోజు మీరూ నవ్వారు."